ఫోనుతో వచ్చిందే బ్రౌజరు కాదు

కరెంటు బిల్లు, రైలు టికెట్టు, పిల్లల హాల్‌టికెట్టు, పొలం అడంగల్, పొద్దున పేపరు, రాత్రి బ్యాంకు పని. యాప్ లేని చోటల్లా మనం వీటికోసం వెళ్లేది బ్రౌజరులోకే. కొందరు రోజుకు రెండు మూడు గంటలు దాని ముందే కూర్చుంటారు. ఇంతగా వాడే పనిముట్టును మనలో చాలామంది ఎంచుకోలేదు. ఆండ్రాయిడ్ ఫోను కొంటే క్రోమ్ ముందే ఎక్కించి ఉంటుంది. ఐఫోన్‌లో సఫారీ, విండోస్ కంప్యూటర్‌లో ఎడ్జ్ ఉంటాయి. మొదటి రోజు కనిపించిన బొమ్మను నొక్కాం, ఇన్నేళ్లుగా అదే నొక్కుతున్నాం.

ఈ అధ్యాయంలో మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ఇంకో బ్రౌజరును శ్రద్ధగా, కొన్ని వారాలు తీసుకుని నేర్చుకోండి. పాతదాన్ని తీసేయమని అనడం లేదు. రెండోది చేతికి అలవాటయ్యాక దేన్ని ఏ పనికి వాడాలో మీరే తేల్చుకోగలుగుతారు. ఉదాహరణగా ఫైర్‌ఫాక్స్‌ను తీసుకుంటున్నాను. ఎందుకు దాన్నే తీసుకున్నానో కొంచెం వివరంగా చెబుతాను. కారణం తెలియకుండా అలవాటు మార్చుకోబోయిన వాళ్లు నాలుగో రోజుకు పాత దారిలోకి వెళ్లిపోతారు.

ముందే పెట్టి ఇవ్వడానికి ఉన్న విలువ

ముందే పెట్టి ఇచ్చినదాన్ని జనం మార్చరని కంపెనీలకు బాగా తెలుసు. సఫారీలో తన సెర్చ్ ఇంజన్‌ను ముందుగా ఉంచినందుకు గూగుల్ 2022లో ఆపిల్‌కు దాదాపు 2,000 కోట్ల డాలర్లు చెల్లించిందని అమెరికా కోర్టులో జరిగిన విచారణలో బయటపడింది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి మార్చుకోవడానికి అర నిమిషం పట్టదు. అయినా ఆ అర నిమిషం ఎవరూ వెచ్చించరన్న నమ్మకం మీదే అంత డబ్బు చేతులు మారింది.

మన దేశంలోనూ ఈ విషయం తీర్పుదాకా వెళ్లింది. ఆండ్రాయిడ్ ఫోన్లలో తన యాప్‌లను మూకుమ్మడిగా ఎక్కించేలా తయారీదారులను కట్టడి చేసిందన్న కేసులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2022 అక్టోబరులో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆ యాప్‌లలో క్రోమ్ కూడా ఉంది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ ఆ జరిమానాను సమర్థించింది. కేసులు, జరిమానాలు మంచివే. కానీ మీ ఫోనులో ఏ బ్రౌజరు తెరుచుకోవాలో కమిషన్ వచ్చి మార్చిపెట్టదు.

ఒకే బ్రౌజరు రాజ్యమేలితే ఏమవుతుందో లోకం ఒకసారి చూసింది. 1995లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ విండోస్‌తో పాటే ఇళ్లలోకి చేరింది. అప్పటిదాకా అందరూ వాడిన నెట్‌స్కేప్ కొన్నేళ్లలోనే చితికిపోయింది. పోటీ లేదు కనుక పని కూడా ఆగింది. ఎక్స్‌ప్లోరర్ ఆరో వెర్షను 2001లో వస్తే ఏడోది 2006లో గానీ రాలేదు. ఆ ఐదేళ్లూ పాప్‌అప్‌లు, వైరస్‌లు, ‘ఈ సైటు ఎక్స్‌ప్లోరర్‌లోనే తెరవండి’ అనే హుకుములు. దక్షిణ కొరియాలో అయితే బ్యాంకు పనులకు వాడిన యాక్టివ్‌ఎక్స్ అనే సాంకేతికత ఆ ఒక్క బ్రౌజరులోనే నడిచేది కావడంతో, దాని నుంచి బయటపడటానికి ఆ దేశానికి చాలా ఏళ్లు పట్టింది.

పోతూ పోతూ నెట్‌స్కేప్ ఒక గొప్ప పని చేసింది. 1998 మార్చి 31న తన బ్రౌజరు సోర్సు కోడును లోకానికి ఇచ్చేసింది. దాన్నుంచి మొజిల్లా ప్రాజెక్టు, 2003లో లాభాపేక్ష లేని మొజిల్లా ఫౌండేషన్, 2004 నవంబరు 9న ఫైర్‌ఫాక్స్ మొదటి వెర్షను వచ్చాయి. ఆ డిసెంబరులోనే వేలమంది వాడుకరులు తలా కొంత చందా వేసుకుని న్యూయార్క్ టైమ్స్‌లో రెండు పేజీల ప్రకటన ఇచ్చారు. చందాదారుల పేర్లన్నీ ఆ ప్రకటనలోనే అచ్చయ్యాయి. ఒక సాఫ్ట్‌వేరును జనం తమదిగా భావించిన సందర్భం అది. నాకు ఇప్పటికీ అది గుర్తుచేసుకోదగ్గ సంగతిగానే తోస్తుంది.

పద్మ చేసిన పని

తెలుగు పాఠకులకు దీనితో మరింత దగ్గరి సంబంధం ఉంది. 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో మన దినపత్రికల సైట్లు అందరికీ ఉమ్మడి అక్షర పద్ధతైన యూనికోడ్‌లో ఉండేవి కావు. ఒక్కో పత్రికది ఒక్కో సొంత ఫాంటు. ఎక్స్‌ప్లోరర్‌లో ఆ ఫాంటు తనంతట దిగి అక్షరాలు కనిపించేవి. మిగతా బ్రౌజర్లలో చాలాసార్లు తెలుగుకు బదులు అర్థం లేని ఇంగ్లీషు గుర్తుల కుప్ప కనిపించేది. కనిపించినా దాన్ని వెతకడానికి లేదు, కాపీ చేసి ఇంకోచోట పెట్టడానికి లేదు.

అప్పుడు ‘పద్మ’ అనే పొడిగింపు (ఎక్స్‌టెన్షన్) వచ్చింది. ఫైర్‌ఫాక్స్‌లో చేర్చుకుంటే పత్రిక ఫాంటు అక్షరాలను అప్పటికప్పుడు యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపేది. పత్రికలు మారేదాకా, ఏదో పెద్ద కంపెనీ దయతలచేదాకా ఆగకుండా తెలుగు వాళ్లే తమ ఇబ్బందిని తీర్చుకున్నారు. ఎవరైనా పొడిగింపు రాసి చేర్చగల బ్రౌజరు ఉండబట్టి అది సాధ్యమైంది. చిన్న భాషల వాళ్లకు ఇలాంటి బ్రౌజరు అవసరమని నేను గట్టిగా నమ్మడానికి ఇదొక్కటి చాలు. ఇవాళ పత్రికలన్నీ యూనికోడ్‌లోకి వచ్చేశాయి, పద్మ అవసరం తీరింది. రేపు ఇంకో అవసరం రాదని మాత్రం ఎవరు చెప్పగలరు?

క్రోమ్ వద్దనుకుంటే బ్రేవ్, ఒపేరా, వివాల్డి, ఎడ్జ్ కూడా ఉన్నాయి కదా అని మీరు అడగవచ్చు. ఉన్నాయి, బాగానే పనిచేస్తాయి. కానీ పేజీని గీసి చూపించే లోపలి యంత్రం వీటన్నిటిలోనూ క్రోమ్‌లో ఉండే బ్లింకే. ఒపేరా 2013లో తన సొంత ఇంజన్‌ను వదిలేసి అందులో చేరింది, మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ 2020లో చేరింది. సఫారీలో ఉన్న వెబ్‌కిట్, ఫైర్‌ఫాక్స్‌లో ఉన్న గెకో, ఈ రెండే వేరుగా మిగిలిన పెద్ద ఇంజన్లు. సఫారీ ఆపిల్ పరికరాలకే పరిమితం. విండోస్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ నిజంగా వేరే ఇంజన్ కావాలంటే సామాన్యుడికి మిగిలేది ఫైర్‌ఫాక్సే.

దాని లోటును కూడా చెప్పాలి. మొజిల్లా రాబడిలో ఎక్కువ భాగం గూగుల్ నుంచే వస్తుంది, ఫైర్‌ఫాక్స్‌లో గూగుల్ సెర్చ్‌ను ముందుగా ఉంచినందుకు. వాడేవాళ్ల సంఖ్యా ఒకప్పటికంటే బాగా తగ్గింది. ఇది తెలిసే నేను దాన్ని సిఫార్సు చేస్తున్నాను.

మొదటి వారం

అసలు కష్టం ఇక్కడే. ఇల్లు మారిన కొత్తలో పోపుల పెట్టె ఏ అరలో ఉందో తెలియక వంట ఆలస్యమైనట్టే, కొత్త బ్రౌజరులో మొదటి వారం ప్రతి పనీ నెమ్మదిస్తుంది. మెనూ ఇంకో మూలన ఉంటుంది, డౌన్‌లోడైన ఫైలు ఎక్కడ కనిపిస్తుందో వెతుక్కోవాలి. ఇందులో తెలివితేటల సమస్య ఏమీ లేదు, వేళ్లకు పడిన అలవాటు అంతే. రిటైరైన ఒక తెలుగు మాస్టారు నన్ను అడిగారు, ‘మళ్లీ మొదట్నుంచీ అన్నీ నేర్చుకోవాలా నాయనా?’ అని. ‘అన్నీ వద్దు మాస్టారూ, పొద్దున పేపరు చదవడం ఒక్కటి ఇందులో చేయండి’ అన్నాను. నెల తిరక్కముందే ఆయన మిగతావి తనంతట తానే నేర్చుకున్నారు.

మీకూ అదే చెబుతాను. కొత్త బ్రౌజరుకు ఒక్క పని అప్పగించండి. అది రోజూ చేసేది కావాలి, తొందర లేనిది కావాలి. తత్కాల్ టికెట్టు, పరీక్ష ఫీజు ఆఖరి రోజు, బ్యాంకు లావాదేవీ లాంటివి మొదటి వారం పాత బ్రౌజరులోనే కానివ్వండి. గడియారం చూస్తూ చేసే పనిలో కొత్త పనిముట్టు పట్టుకుంటే చిరాకే మిగులుతుంది, ఆ చిరాకు పనిముట్టు మీదికి పోతుంది.

ఎక్కించుకునేటప్పుడు ఒక్క జాగ్రత్త. కంప్యూటరులోకైతే మొజిల్లా సొంత సైటు నుంచి, ఫోనులోకైతే ప్లే స్టోరు నుంచి మాత్రమే తీసుకోండి. ‘ఉచిత డౌన్‌లోడ్’ అని పిలిచే ఇతర సైట్లు అక్కర్లేని సాఫ్ట్‌వేరును వెంట తగిలించి పంపవచ్చు.

తెరవగానే పాత బ్రౌజరు నుంచి బుక్‌మార్కులు, హిస్టరీ తెచ్చుకోమంటారా అని అడుగుతుంది. తెచ్చుకోండి. పాస్‌వర్డులను తేవడానికి ఒక్కోసారి పాత బ్రౌజరులో వాటిని సీఎస్‌వీ ఫైలుగా దించుకుని, దాన్ని ఫైర్‌ఫాక్స్ పాస్‌వర్డుల పేజీలో ఎక్కించాల్సి వస్తుంది. ఆ ఫైలులో మీ పాస్‌వర్డులన్నీ ఎవరైనా చదవగలిగేలా అచ్చు అక్షరాల్లో ఉంటాయి. పని కాగానే దాన్ని తొలగించండి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. మీ కంప్యూటరు ముందు ఇంకెవరైనా కూర్చునే అవకాశం ఉంటే సెట్టింగ్స్‌లో ప్రైమరీ పాస్‌వర్డు పెట్టండి. అది లేకపోతే దాచిన పాస్‌వర్డులు వాళ్ల కంట పడవచ్చు.

ఇక వేళ్లకు నేర్పవలసినవి. క్రోమ్‌లో వచ్చిన మీటలు చాలావరకు ఇక్కడా పనిచేస్తాయి. కంట్రోల్‌తో టి నొక్కితే కొత్త ట్యాబు, డబ్ల్యు నొక్కితే ఉన్న ట్యాబు మూత, ఎల్ నొక్కితే నేరుగా అడ్రసు పెట్టె. పొరపాటున ట్యాబు మూసేస్తే కంట్రోల్, షిఫ్ట్, టి కలిపి నొక్కండి, తిరిగి వస్తుంది. తికమక పెట్టేది ఒకటుంది. ప్రైవేటు కిటికీకి క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎన్ నొక్కేవాళ్లం, ఇక్కడ ఎన్ బదులు పి.

ఫైర్‌ఫాక్స్ అడ్రసు పెట్టెలో నాకు బాగా నచ్చే సదుపాయం ఇంకొకటి. నక్షత్రం గుర్తు కొట్టి, స్పేస్ ఇచ్చి మాట టైపు చేస్తే బుక్‌మార్కుల్లో మాత్రమే వెతుకుతుంది. శాతం గుర్తు కొడితే తెరిచి ఉన్న ట్యాబుల్లో వెతుకుతుంది. ముప్ఫై ట్యాబులు తెరిచి పెట్టుకుని ఏది ఎక్కడుందో తెలియక అవస్థపడే వాళ్లకు శాతం గుర్తు ఒక్కటే గంటలకు గంటలు మిగులుస్తుంది. ఇంకో మంచి పని, తెలుగు వికీపీడియా వెతుకుడు పెట్టెలో మౌసు కుడి బటన్ నొక్కి దానికో చిన్న సంకేతం ఇచ్చుకోవడం. ఆ తర్వాత అడ్రసు పెట్టెలో ఆ సంకేతం, పక్కన తెలుగు మాట కొడితే నేరుగా అక్కడికే వెళతారు. ఈ మీటలు, గుర్తులు వారానికి రెండు చొప్పున నేర్చుకోండి. ఒక్కరోజే పట్టీ రాసుకుని గోడకు అంటిస్తే దేన్నీ వాడరు.

చదవడానికి వీలుగా దిద్దుకోండి

తెలుగు చదివేవాళ్లు ముందుగా మార్చవలసింది ఫాంటు. సెట్టింగ్స్‌లో ఫాంట్ల దగ్గర అడ్వాన్స్‌డ్ నొక్కితే ఒక్కో లిపికీ వేరుగా ఫాంటు ఎంచుకునే పట్టీ వస్తుంది. అందులో తెలుగు కూడా ఉంటుంది. విండోస్‌లో నిర్మల యూఐ ఉంటుంది. నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటి ఉచిత ఫాంట్లను ముందుగా కంప్యూటరులోకి ఎక్కించుకుంటే వాటినీ ఎంచుకోవచ్చు. సైటు ఏ ఫాంటు చెప్పినా నేను ఎంచుకున్నదే చూపించు అని కూడా అక్కడ చెప్పవచ్చు. అయితే కొన్ని సైట్లలో బటన్ల మీది బొమ్మలు దానివల్ల కనిపించకుండా పోతాయి, అప్పుడు ఆ మార్పును వెనక్కి తీసుకోండి. అక్షరాల కనీస పరిమాణం కూడా అక్కడే ఉంది. తెలుగు ఒత్తులు, గుడులు చిన్న సైజులో కలిసిపోయి కంటికి పరీక్ష పెడతాయి. నలభై దాటిన ఎవరికైనా ఈ ఒక్క మార్పు చేసి చూపండి, మిగతా సుగుణాలు వివరించకుండానే వాళ్లు ఈ బ్రౌజరులో ఉండిపోతారు.

దీనికి తోడు రీడర్ వ్యూ. వ్యాసం తెరిచినప్పుడు అడ్రసు పెట్టె కుడివైపు కాగితం బొమ్మ కనిపిస్తే దాన్ని నొక్కండి. పక్కన మెరిసే పెట్టెలు, మధ్యలో దూరే వీడియోలు అన్నీ పోయి, శీర్షిక, రచయిత పేరు, వ్యాసం మాత్రం పుస్తకం పేజీలా మిగులుతాయి. అక్షరాల పరిమాణం, వరుసల మధ్య ఎడం, వెనుక రంగు మీ ఇష్టం. ప్రతి పేజీకీ ఆ బొమ్మ రాదు, పొడుగాటి వ్యాసాలకు వస్తుంది. ఆదివారం అనుబంధాలను వెబ్‌లో చదివేవాళ్లు దీన్ని ఒకసారి వాడితే వదలరు.

మీ వెంట పడేవాటిని ఆపండి

ఒక సైటులో కుక్కరు ధర చూస్తే, తర్వాత వార్తల సైటులోనూ వంటల సైటులోనూ అదే కుక్కరు ప్రకటన ఎదురవుతుంది. మీరు వెళ్లిన చోట్లన్నీ గమనించే ప్రకటనల సంస్థలు తమ కుకీల (బ్రౌజరులో దాచే చిన్న గుర్తుల) ద్వారా మిమ్మల్ని గుర్తుపట్టడమే దీనికి కారణం. తెలిసిన గూఢచారి కుకీలను ఫైర్‌ఫాక్స్ 2019 నుంచి తనంతట అడ్డుకుంటోంది. 2022 జూన్ నుంచి ప్రతి సైటు కుకీలనూ ఆ సైటు పరిధిలోనే కట్టిపడేస్తోంది, ఒక చోట వేసిన గుర్తు ఇంకో చోట పనికిరాదు. దీనికోసం మీరు ఏ మీటా నొక్కనక్కర్లేదు.

ఇంకా కావాలంటే యూబ్లాక్ ఆరిజిన్ అనే పొడిగింపు ఉంది. ప్రకటనలతో పాటు కొన్ని మోసపు సైట్లనూ ఆపుతుంది. గూగుల్ పొడిగింపుల నియమాలు మార్చాక ఇది క్రోమ్‌లో పూర్తి రూపంలో నడవడం ఆగిపోయింది, ఫైర్‌ఫాక్స్‌లో నడుస్తోంది. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లో కూడా నడుస్తుంది, నెలకు ఇంత అని డేటా కొనుక్కునే వాళ్లకు ఇది డబ్బు మిగిల్చే సంగతి. పేరు సరిగ్గా చూసుకోండి, పోలిన పేర్లతో వేరేవి ఉన్నాయి. మీరు రోజూ ఆధారపడే పత్రిక సైటు ఒకటీ అరా ఉంటే మాత్రం అక్కడ దీన్ని ఆపేయండి. విలేకరి జీతం ఆ ప్రకటనల నుంచే రావాలి.

పొడిగింపులు రెండు మూడు మించవద్దు. మీరు తెరిచే పేజీలన్నిటినీ చదివే అనుమతి వాటిలో చాలావాటికి ఉంటుంది. అందుకే నా సలహా, బ్యాంకు పనులకు ఒక్క పొడిగింపు కూడా లేని బ్రౌజరును కేటాయించండి. రెండు బ్రౌజర్లు ఉంటే మేలని మొదట చెప్పింది ఇందుకు కూడా. రోజువారీ చదువు, వెతుకులాట ఫైర్‌ఫాక్స్‌లో, డబ్బు వ్యవహారం ఫోనుతో వచ్చిన బ్రౌజరులో పెట్టుకున్నా తప్పేం లేదు.

ఆఫీసు మెయిలు, ఇంటి మెయిలు కలిసిపోయి ఇబ్బంది పడేవాళ్లు కంప్యూటరులో మొజిల్లా వారిదే మల్టీ అకౌంట్ కంటైనర్స్ అనే పొడిగింపు చేర్చుకోండి. ఒకే కిటికీలో నీలం గీత ఉన్న ట్యాబులో ఒక ఖాతా, నారింజ గీత ఉన్న ట్యాబులో ఇంకో ఖాతా తెరుచుకుంటాయి. ఒకదాని లాగిన్ ఇంకోదానికి తెలియదు.

పెద్దవాళ్ల ఫోన్లలో తరచూ చూసే బాధ ఇంకొకటుంది. ఏదో సైటు ‘నోటిఫికేషన్లు పంపమంటారా?’ అని అడిగితే అలవాటుగా సరే నొక్కేస్తారు. ఆ రోజు నుంచి ‘మీ ఫోనుకు వైరస్ సోకింది’, ‘మీకు బహుమతి వచ్చింది’ అంటూ గంటకొకటి వస్తుంది, భయపడి దేన్నో నొక్కుతారు. కంప్యూటరు ఫైర్‌ఫాక్స్‌లో ప్రైవసీ, సెక్యూరిటీ భాగంలో అనుమతుల కింద నోటిఫికేషన్లను తెరిచి, కొత్తగా అడగడాన్నే ఆపేయవచ్చు. ఆండ్రాయిడ్‌లోనూ సైట్ల అనుమతుల్లో ఈ వీలుంది. మీ అమ్మానాన్నల ఫోనులో ఇది మీరే కూర్చుని చేసిపెట్టండి.

నెట్ సెంటరులో కూర్చున్నప్పుడు

కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టడానికి ఏటా వేలమంది పిల్లలు నెట్ సెంటర్లకు వెళతారు. అక్కడ ప్రైవేటు కిటికీలోనే లాగిన్ అవ్వండి, పాస్‌వర్డు దాచమంటారా అంటే వద్దనండి, పనయ్యాక లాగౌట్ చేసి కిటికీ మూసేయండి. డౌన్‌లోడ్ చేసిన హాల్‌టికెట్టు, సర్టిఫికెట్టు మాత్రం ఆ కంప్యూటరులోనే ఉండిపోతాయి. వాటిని చేత్తో తొలగించాలి.

ప్రైవేటు కిటికీ గురించి ఉన్న ఒక భ్రమ తొలగాలి. అది చేసేది ఆ కంప్యూటరులో హిస్టరీ, కుకీలు మిగలకుండా చూడటమే. మీరు ఏ సైటుకు వెళ్లారో ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకి, ఆఫీసు నెట్‌వర్కుకు, ఆ సైటుకు తెలుస్తూనే ఉంటుంది. క్రోమ్ ఇన్‌కాగ్నిటోలో ఉన్నప్పుడు కూడా సమాచారం సేకరించారంటూ 2020లో అమెరికాలో వేసిన దావాను పరిష్కరించుకోవడానికి, సేకరించిన రికార్డులను ధ్వంసం చేయడానికి గూగుల్ 2024లో ఒప్పుకుంది. ఏ బ్రౌజరులోనైనా ఆ ప్రైవేటు కిటికీ మీద పెట్టుకోవలసిన నమ్మకానికి హద్దు ఉంది.

ఫోనులో, కంప్యూటరులో ఒకేలా

కంప్యూటరులో కుదిరాక ఫోనుకు వెళ్లండి. మొజిల్లా ఖాతా తెరిచి రెండింటిలో లాగిన్ అయితే బుక్‌మార్కులు, పాస్‌వర్డులు, తెరిచిన ట్యాబులు అటూ ఇటూ వస్తాయి. మీ పరికరంలోనే గుప్తలిపిలోకి మారి వెళతాయి కనుక మొజిల్లా వాళ్లు కూడా చదవలేరు. దీనివల్ల ఒక చిక్కు ఉంది, ఖాతా పాస్‌వర్డు మరచిపోతే సర్వరులో ఉన్నది మీకూ దక్కకపోవచ్చు. రికవరీ కీని తీసుకుని కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆండ్రాయిడ్‌లో ఫోను సెట్టింగ్స్, యాప్స్, డిఫాల్ట్ యాప్స్ వరుసలో వెళ్లి బ్రౌజరుగా ఫైర్‌ఫాక్స్‌ను ఎంచుకుంటే వాట్సాప్‌లో నొక్కిన లింకులు కూడా అందులోనే తెరుచుకుంటాయి. ఇది రెండో నెలలో చేయండి, మొదటి రోజే వద్దు.

ఐఫోను వాడేవాళ్లు పెద్దగా ఆశపెట్టుకోకండి. ఆపిల్ నిబంధనల వల్ల మన దేశంలో ఐఫోన్ మీద ఏ బ్రౌజరైనా లోపల వెబ్‌కిట్‌నే వాడాలి. యూబ్లాక్ ఆరిజిన్ అక్కడి ఫైర్‌ఫాక్స్‌లో ఎక్కదు. పాస్‌వర్డులు, ట్యాబులు కంప్యూటరుతో కలుపుకోవడానికే అది పనికొస్తుంది.

సైటు మొండికేస్తే

కొన్ని సైట్లు, ముఖ్యంగా ఫారాలు నింపే పోర్టళ్లు, ఫైర్‌ఫాక్స్‌లో మొరాయిస్తాయి. వెంటనే బ్రౌజరును తిట్టకండి. రసీదు గానీ హాల్‌టికెట్టు గానీ రాకపోతే పాప్‌అప్‌ను ఆపామన్న పట్టీ పైన కనిపిస్తుందేమో చూసి, ఆ సైటుకు అనుమతి ఇవ్వండి. పేజీ సగమే వస్తే అడ్రసు పెట్టెలో ఎడమవైపున్న డాలు బొమ్మ నొక్కి, ఆ సైటుకు రక్షణ ఆపి మళ్లీ తెరవండి. అప్పటికీ కాకపోతే పాత బ్రౌజరులో పని ముగించుకోండి. తర్వాత తీరిక చూసుకుని మెనూలో ‘రిపోర్ట్ బ్రోకెన్ సైట్’ నొక్కి రెండు మాటలు రాయండి. ఆ సైటు నడిపే కార్యాలయానికీ ఒక మెయిలు పంపండి. ప్రజల పన్నుతో నడిచే పోర్టలు ఏ బ్రౌజరులోనైనా తెరుచుకోవాలని అడగడం మన హక్కు. అడిగేవాళ్లు లేకపోతే మళ్లీ ఒకే బ్రౌజరుకు రాసే రోజులు వస్తాయి.

చివరిగా భాష. ఫైర్‌ఫాక్స్ కంప్యూటరులోనూ ఆండ్రాయిడ్‌లోనూ తెలుగులో దొరుకుతుంది. సెట్టింగ్స్‌లో భాష దగ్గర తెలుగును ఎంచుకుంటే మెనూలు తెలుగులోకి మారతాయి. ఇంగ్లీషు మెనూలు చూసి వెనకాడే అమ్మలకు, నాన్నలకు, తాతయ్యలకు ముందు దీన్ని చేసిపెట్టండి. కొన్ని మాటలు ఇంకా ఇంగ్లీషులోనే కనిపిస్తాయి, కొన్ని తెలుగు మాటలు మీకు కృతకంగా తోచవచ్చు. వాటిని అనువదించింది జీతం తీసుకున్న ఉద్యోగులు కాదు, మనలాంటి వాళ్లే, తీరిక వేళల్లో. మొజిల్లా వారి పాంటూన్ అనే సైటులో ఖాతా తెరిస్తే మీరు కూడా మంచి మాట సూచించవచ్చు. ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు, తెలుగు వస్తే చాలు. బ్రౌజరు వాడటం మొదలుపెట్టిన నెలలోనే అక్కడ ఒక్క మాటైనా సరిదిద్దండి.